గొంతు కోసం మిషను ఆపుకుంటున్నాను, డాక్టర్‌కి చెప్పలేదు

చిత్తూరు దగ్గరి ఒక మండలం నుంచి ఒక తెలుగు టీచరు రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమెకు 33 ఏళ్ళు. జిల్లా పరిషత్ హైస్కూల్లో పనిచేస్తున్నారు. ఇంటర్ చదివే రోజుల నుంచి ఫిట్స్ ఉన్నాయి. కార్బమాజెపిన్, లెవెటిరాసెటమ్, క్లోబజామ్ ఇలా మార్చి మార్చి, కలిపి కలిపి మందులు వాడారు. లొంగలేదు. మెదడులో ఫిట్స్ పుట్టే చోటు ఒక్కటే అని తేలకపోవడంతో ఆ భాగం తీసేసే ఆపరేషన్‌కు వీల్లేదన్నారు. చివరికి నిరుడు వేరే రాష్ట్రంలో ఒక పెద్దాసుపత్రిలో వి.ఎన్.ఎస్. (వేగస్ నర్వ్ స్టిమ్యులేషన్, అంటే వేగస్ నరానికి కరెంటు ఇచ్చే చికిత్స) పెట్టించుకున్నారు. ఎడమవైపు కాలరెముక కింద, చర్మం లోపల చిన్న మిషను ఉంటుంది. దాన్నుంచి వచ్చే తీగను మెడలోని వేగస్ నరానికి చుడతారు. ప్రతి ఐదు నిమిషాలకూ ఒకసారి, ముప్పై సెకన్ల పాటు అది నరానికి కరెంటు పంపుతుంది. ఈ ఖర్చు కోసం వాళ్ళమ్మగారు రెండెకరాల మామిడి తోట అమ్మేశారు.

ఫలితం లేకపోలేదు. వారానికి రెండు మూడు వచ్చే ఫిట్స్ నెలకు మూడో నాలుగో అయ్యాయి. తర్వాత అక్కడే ఆగిపోయాయి. గొంతు మాత్రం దెబ్బతింది. "కరెంటు వచ్చిన ప్రతిసారీ మెడలో ఎవరో బొటనవేలితో నొక్కినట్టుంటుంది. గొంతు బొంగురుపోతుంది, పొడిదగ్గు వస్తుంది. తొమ్మిదో తరగతిలో సీసపద్యం రాగం తీసి చదువుతుంటే మూడో పాదంలో గొంతు జారిపోయింది. ముందు బెంచీ పిల్లోడు 'మేడం, గొంతులో కప్ప కూచోనుండాదా?' అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఇప్పుడు నా గొంతును అనుకరించడం వాళ్ళకో ఆట" అని రాశారు. పదేళ్ళుగా పద్యం బాగా చదివే టీచరని ఆమెకు పేరు.

ఇక అసలు సంగతి. మిషనుతో పాటు ఇచ్చిన మాగ్నెట్‌ను ఛాతీ మీద పెట్టి ఉంచితే కరెంటు ఆగుతుందని ఆసుపత్రిలో చెప్పారు. ఆర్నెల్లుగా ఈమె బడికి పోయేముందు దాన్ని ప్లాస్టర్‌తో మిషను మీద అంటించుకుని, పైన చీర కట్టుకుని పోతున్నారు. సాయంత్రం ఇంటికొచ్చాక తీసేస్తున్నారు. భర్తకు తెలియదు, అమ్మకు తెలియదు, డాక్టర్‌కూ చెప్పలేదు. పోయిన చెకప్‌లో ఫిట్స్ ఇంకా తగ్గలేదని డాక్టరు కరెంటును 1.25 నుంచి 1.5 మిల్లీయాంపియర్లకు పెంచారు. దాంతో ఆదివారాలు ఇంట్లో కూడా మాట్లాడబుద్ధి కావడం లేదట. పోయిన నెల స్టాఫ్‌రూములో ఫిట్స్ వచ్చింది. హిందీ మేడం తాళాలగుత్తి చేతిలో పెట్టారు. తేరుకున్నాక "షుగర్ డౌనయింది" అని చెప్పి తప్పించుకున్నారు.

భర్త "ప్రాణం ముఖ్యమా, గొంతు ముఖ్యమా?" అంటాడు. అత్తమ్మ మిరియాల కషాయం కాచి ఇస్తుంది. అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "మిషను బాగా పనిచేస్తా ఉందా?" అని మాత్రమే అడుగుతుంది. ఆమె ప్రశ్నలు ఇవి: గొంతు ఇక ఇంతేనా? మిషను తీయించేసుకుంటే తప్పా? మాగ్నెట్ సంగతి చెప్తే డాక్టరు తిడతారా? అమ్మ ముఖం ఎలా చూడాలి?

అమ్మా,

మీ ఉత్తరంలో అన్నింటికన్నా ముందు నాకు కనిపించింది మీరు ఒక పక్కన, రెండో పేజీ మార్జిన్‌లో రాసిన మాట: "ఇప్పుడు బాగానే ఉంది కాబట్టి మళ్ళీ స్కూటీ నడుపుతున్నాను." మిగతా విషయాలన్నీ తాపీగా మాట్లాడుకుందాం. ఇది మాత్రం ఈరోజే ఆపండి. నెలకు మూడు నాలుగు ఫిట్స్ వస్తున్న మనిషి, అందులోనూ పగలంతా మిషను ఆపుకున్న మనిషి, చిత్తూరు రోడ్డు మీద లారీల మధ్య బండి నడపకూడదు. మీవారు దింపుతారో, ఆటో మాట్లాడుకుంటారో, బస్సులో పోతారో మీ ఇష్టం.

ఇప్పుడు గొంతు. అది ఎందుకు పోతోందో తెలిస్తే సగం భయం తగ్గుతుంది. వేగస్ నరం మెదడు దగ్గర మొదలై మెడలోంచి గుండె, ఊపిరితిత్తులు, కడుపు దాకా దిగుతుంది. స్వరపేటికను కదిలించే నరం దాని కొమ్మే. ఎడమవైపు ఆ కొమ్మ ఛాతీలోకి దిగి, గుండె నుంచి వచ్చే బృహద్ధమని కింద మెలిక తిరిగి, మళ్ళీ పైకెక్కి గొంతుకు చేరుతుంది. అంటే మెడ దగ్గర ఆ కొమ్మకు పోవలసిన పోగులన్నీ ఇంకా వేగస్ నరం లోపలే ఉంటాయి. మీ తీగ చుట్టింది సరిగ్గా అక్కడ. మెదడు కోసం పంపే కరెంటు ఈ పోగులకూ తగులుతుంది. పైగా కండరాలను కదిలించే పోగులు లావుగా ఉంటాయి కాబట్టి తక్కువ కరెంటుకే స్పందిస్తాయి. ఆ అర నిమిషం మీ ఎడమ స్వరతంత్రి మీ మాట వినదు, మిషను మాట వింటుంది. బొంగురు, బిగుతు, దగ్గు, ఆయాసం అన్నీ దీని నుంచి వచ్చేవే. గొంతులో పుండూ లేదు, జలుబూ లేదు. అందుకే అత్తమ్మగారి మిరియాల కషాయం పనిచేయడం లేదు. తాగడంలో నష్టం లేదు, ఆమె మనసు నొప్పించకండి. ఎవరైనా మెడకు వేడి పెట్టించుకోమని ఫిజియోథెరపీకి తీసుకుపోతే మాత్రం ఒప్పుకోవద్దు. ఈ మిషను ఉన్నవాళ్ళకు షార్ట్‌వేవ్ డయాథర్మీ ప్రమాదకరం.

ఇది మీ ఒక్కరికే వచ్చిన కష్టమూ కాదు. అమెరికాలో ఈ చికిత్సకు 1997లో అనుమతి వచ్చింది. ఆ దేశంలో జరిగి 1998లో అచ్చయిన పెద్ద పరీక్షలో ఎక్కువ మోతాదు కరెంటు తీసుకున్నవాళ్ళలో మూడింట రెండు వంతుల మందికి గొంతు మారింది. తక్కువ మోతాదు వాళ్ళలో అది మూడో వంతు కన్నా తక్కువ. ఏళ్ళు గడిచేకొద్దీ చాలామందిలో ఈ ఇబ్బంది సర్దుకుంటూ వచ్చింది. అంటే గొంతు మారడానికి కరెంటు మోతాదుతో నేరుగా సంబంధం ఉంది. మోతాదు మార్చుకునే వీలు మీ మిషనులోనే ఉంది.

మీకు తెలియకుండానే మీరు ఒక మంచి పరీక్ష కూడా చేసిపెట్టారు. మాగ్నెట్ పెట్టుకున్న రోజుల్లో బడిలో గొంతు "పాత గొంతులాగే" ఉంటోందని రాశారు. ఆపరేషన్లో నరం దెబ్బతిని ఉంటే మిషను ఆగినా గొంతు బొంగురుగానే ఉండేది. మీ గొంతు కరెంటు ఆగగానే తిరిగి వస్తోంది. కాబట్టి "ఇక ఇంతేనా" అన్న ప్రశ్నకు, ఇంతే కావాల్సిన అవసరం లేదన్నదే జవాబు. ఒకసారి ఇఎన్‌టీ డాక్టర్‌కి చూపించుకోవడం మాత్రం అవసరం. పదేళ్ళు గదుల్లో గట్టిగా అరిచి పాఠం చెప్పిన గొంతు మీది. స్వరతంత్రుల మీద కాయలు కాసి ఉన్నాయేమో కూడా చూడాలి. సన్నటి కెమెరా గొట్టంతో చూసేటప్పుడు కరెంటు వచ్చే అర నిమిషం, రాని సమయం రెండూ చూడమని అడగండి. తిరుపతి రుయా ఆసుపత్రిలో ఇఎన్‌టీ ఉంది, మీకు వేలూరు దగ్గరనుకుంటే సీఎంసీలో స్వర చికిత్స చేసేవాళ్ళూ ఉన్నారు.

ఇక మాగ్నెట్ దగ్గరికి వద్దాం. మీరు తప్పు చేసినట్టు చాలా కుమిలిపోతూ రాశారు. మాగ్నెట్ పెట్టి కాసేపు కరెంటు ఆపుకోవడం దొంగపని కాదు, అందుకే దాన్ని ఇస్తారు. సభలో మాట్లాడాలన్నా, పాట పాడాలన్నా కాసేపు ఆపుకోవచ్చు. నన్ను కలవరపెట్టింది వేరే లెక్క. అర నిమిషం కరెంటు, ఐదు నిమిషాల విరామం కలిపి ఐదున్నర నిమిషాలకొక చుట్టు అంటే గంటకు దాదాపు 11 సార్లు. బడి ఏడు గంటలనుకుంటే రోజూ 75 సార్లకు పైగా మీ నరానికి అందాల్సిన కరెంటు అందడం లేదు. పగటిపూట వైద్యంలో పెద్ద భాగం పోతోంది. ఇది మీ డాక్టర్‌కి తెలియదు.

తెలియకపోవడం వల్ల ఏమైందో చూడండి. మీరు ఫిట్స్ డైరీ నిజాయితీగా రాశారు. డాక్టరు దాన్ని చూసి, పూర్తి మోతాదు అందుతున్నా నెలకు నాలుగు వస్తున్నాయి కాబట్టి మోతాదు చాలడం లేదనుకున్నారు. 1.5కు పెంచారు. పెంచిన కరెంటుకు గొంతు ఇంకా బిగుసుకుంది. గొంతు బిగుసుకున్నందుకు మీరు ఆదివారం కూడా మాగ్నెట్ పెట్టుకోవాలనుకుంటున్నారు. వచ్చే చెకప్‌లో ఫిట్స్ తగ్గలేదని 1.75కు పెంచుతారు. మీరిద్దరూ మంచి ఉద్దేశంతోనే ఒకరికొకరు ఎదురు పని చేస్తున్నారు, ఆ ఎదురు పని అంతా మీ మెడలో జరుగుతోంది. "మిషను సగమే పనిచేస్తోంది" అని మీరు నిరాశపడుతున్నారు కదా, అసలు పూర్తిగా పనిచేయనిస్తే ఎంత చేస్తుందో మీకూ తెలియదు, ఆయనకూ తెలియదు. పైగా దీని ఫలం ఏడాది, రెండేళ్ళు గడిచాకే సరిగ్గా కనిపిస్తుంది. పెట్టించుకున్నవాళ్ళలో దాదాపు సగం మందికి కాలక్రమంలో ఫిట్స్ సగానికి పడిపోతాయి. పూర్తిగా ఆగేది కొద్దిమందికే. మీరు అప్పుడే సగానికి పైగా తగ్గిన వర్గంలో ఉన్నారు, అదీ పగలు మిషను ఆపుకుని.

డాక్టరు తిడతారా? తిట్టవచ్చు, ఒక నిమిషం. పేషెంట్ల రద్దీలో కొందరు డాక్టర్లకు గొంతు బొంగురు పెద్ద సంగతిగా తోచదు. ఫిట్స్ లెక్క అడుగుతారు, పెంచుతారు, పంపిస్తారు. అందుకని మీరు "గొంతు కొంచెం ఇబ్బందిగా ఉందండీ" అని ఊరుకోకండి. నా ఉద్యోగం గొంతుతో, ఇలా ఉంటే నేను పాఠం చెప్పలేను, అందుకే ఆర్నెల్లుగా బడి వేళల్లో మాగ్నెట్ అంటించుకుంటున్నాను అని మొత్తం వాక్యం చెప్పండి. నోట రాకపోతే కాగితం మీద రాసి ఇవ్వండి, తెలుగు టీచరుకు అది కష్టం కాదు. ఈ ఒక్క వాక్యంతో డాక్టరు చేతిలోని లెక్కంతా మారిపోతుంది.

ఆయన ఏం చేయగలరో కూడా తెలుసుకుని వెళ్ళండి, అడగడానికి ధైర్యం వస్తుంది. చర్మం కోయకుండా, ఛాతీ మీద ఒక పరికరం పెట్టి, కొద్ది నిమిషాల్లో మిషను లెక్కలు మార్చవచ్చు. కరెంటును పావు మిల్లీయాంపియరు చొప్పున వెనక్కి దించవచ్చు. దానికన్నా ముందు చూడాల్సింది పల్స్ వెడల్పు, అంటే ఒక్కో కరెంటు దెబ్బ ఎంతసేపు ఉంటుందన్నది: అది 500 మైక్రోసెకన్లు ఉంటే 250కి తగ్గిస్తే చాలామందికి గొంతు బాగా తేలికపడుతుంది, ఫిట్స్ మీద పట్టు పెద్దగా పోదు. సెకనుకు 30 సార్లు కొట్టే ఫ్రీక్వెన్సీని 25కో 20కో దించవచ్చు. కొన్ని కొత్త మోడళ్ళలో పగటికి ఒక లెక్క, రాత్రికి ఒక లెక్క పెట్టుకునే వీలుంది. గుండె వేగం హఠాత్తుగా పెరిగితే ఫిట్స్ వస్తోందని పసిగట్టి తానే అదనంగా కరెంటు ఇచ్చే మోడళ్ళూ ఉన్నాయి. మీకిచ్చిన కార్డు మీద మోడల్ నంబరు ఉంటుంది, అది చూపించి మీ మిషనుకు ఇవి కుదురుతాయా అని అడగండి.

ఈ దారి పట్టినందువల్ల ఇబ్బందులు లేవని నేను చెప్పను. ఒక్క చెకప్‌తో సరిపడే లెక్క దొరకదు, రెండు మూడుసార్లు తిరగాల్సి వస్తుంది. అంత దూరం ప్రయాణం, సెలవులు, ఖర్చు. ప్రోగ్రామింగ్ పరికరం ఉన్న న్యూరాలజిస్టు మీకు దగ్గర్లో ఎవరైనా ఉన్నారా అని ఆపరేషన్ చేసిన ఆసుపత్రినే అడగండి. మోతాదు దించిన కొత్తలో ఫిట్స్ కాస్త పెరగవచ్చు కూడా. అటు, పగలు మాగ్నెట్ తీసేస్తే అందని కరెంటు అందుతుంది కాబట్టి తగ్గనూ వచ్చు. ఏ వైపు మొగ్గుతుందో చూడ్డానికి డైరీ కావాలి. ఈసారి డైరీలో మాగ్నెట్ పెట్టుకున్న గంటలకు కూడా ఒక గడి గీయండి.

క్లాసులో మీరు చేసుకోగలిగిన సర్దుబాట్లు కొన్ని ఉన్నాయి. కరెంటు వచ్చేదీ ఆగేదీ మీకు తెలుస్తుంది కదా, ఒకసారి అయిపోయాక మీ చేతిలో ఐదు నిమిషాలు ఉంటాయి. పద్యం అప్పుడు మొదలుపెట్టండి. సీసపద్యమైనా, కింద ఎత్తుగీతి కలిపినా, రాగం సాగదీసి చదివినా అందులో సులువుగా సరిపోతుంది. ఆ ఐదు నిమిషాలు అయ్యేసరికి మీరు బోర్డు మీద ప్రతిపదార్థం రాస్తూ ఉండాలి, లేదా పిల్లల్లో ఒకరిని లేపి చదివించాలి. కొన్నాళ్ళకు ఇది అలవాటైపోతుంది, పక్కవాళ్ళకు తెలియను కూడా తెలియదు. గొంతు పెంచి మిషనుతో పోటీ పడొద్దు, అది స్వరతంత్రులకు రెండో దెబ్బ. టీచర్లు నడుముకు కట్టుకునే చిన్న మైకు సెట్టు ఒకటి కొనుక్కోండి. ఆ స్పీకరులో అయస్కాంతం ఉంటుంది, కాబట్టి దాన్ని మెడలో వేలాడదీయకుండా నడుముకే కట్టుకోండి. మిషనుకు కనీసం 20 సెంటీమీటర్ల దూరం ఉండాలి. అయస్కాంతం మూత ఉన్న ఫోన్ పౌచ్‌లూ అంతే.

ఏడాదికోసారి వచ్చే వార్షికోత్సవమో, ఇన్‌స్పెక్షన్ రోజు పాఠమో, పద్యాల పీరియడో ఉంటే ఆ కాసేపు మాగ్నెట్ పెట్టుకోండి. డాక్టర్‌కి చెప్పి, ఎంతసేపు పెట్టొచ్చో ఆయనతోనే ఖరారు చేసుకుని. పీరియడ్ అవగానే తీసేయండి. రోజంతా దాచిపెట్టుకోవడానికీ దీనికీ మీ ఆరోగ్యంలో చాలా తేడా ఉంటుంది.

మాగ్నెట్‌కు ఇంకో పని కూడా ఉంది, మీరు దాన్ని పూర్తిగా వదిలేశారు. ఫిట్స్ వస్తున్న సూచన తెలియగానే, లేదా వచ్చాక పక్కవాళ్ళు, మిషను మీద మాగ్నెట్‌ను ఒక సెకను పాటు ఆనించి తీసేస్తే అది అదనంగా ఒక విడత కరెంటు ఇస్తుంది. కొందరికి ఫిట్స్ అక్కడే ఆగుతుంది, కొందరికి త్వరగా తగ్గుతుంది. స్టాఫ్‌రూములో ఆ రోజు మాగ్నెట్ మీ ఛాతీ మీదే ఉంది, కరెంటును ఆపుతూ. హిందీ మేడం చేతిలో తాళాలున్నాయి. పాపం ఆవిడ తనకు తెలిసింది చేశారు. తాళాలు, ఇనుము, ఉల్లిపాయ వాసన, వీటిలో ఏదీ ఫిట్స్‌ను ఆపదు. ఫిట్స్ తనంతట తానే ఆగుతుంది, పేరు తాళాలకు దక్కుతుంది.

అందుకే బడిలో కనీసం ఒక్కరికి నిజం చెప్పాలంటున్నాను. "షుగర్ డౌన్" అని చెప్పినందువల్ల రేపు మీకు ఫిట్స్ వస్తే, స్పృహ లేనప్పుడు నోట్లో చక్కెర పోస్తారు. ఊపిరి గొట్టంలోకి పోయే ప్రమాదం. మీరు కొని తెచ్చుకున్న అబద్ధం ఇది, నిర్మొహమాటంగా చెప్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. హిందీ మేడంతోనే మొదలుపెట్టండి, ఆవిడ ఎలాగూ చూశారు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, టైము చూడాలి, మాగ్నెట్ ఇలా ఆనించి తీయాలి, ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి. ఇంతే నేర్పాల్సింది. హెడ్‌మాస్టర్‌కి చెప్పాలా వద్దా అన్నది మీ బడి వాతావరణాన్ని బట్టి మీరే తేల్చుకోండి. చెప్తే మైకు సంగతి, చెకప్ సెలవులు సులువవుతాయి. కొందరు జాలిపడతారు, కొందరు క్లాసులు తగ్గించేయాలని చూస్తారు, అది మీకు చిరాకే. ఆయన ఎలాంటి మనిషో నాకు తెలియదు, మీకు తెలుసు.

పిల్లల సంగతికి వస్తే, తొమ్మిదో తరగతి పిల్లలు ఊహించుకున్న దాన్ని చూసి నవ్వుతారు, చెప్పిన దాన్ని సాధారణంగా గౌరవిస్తారు. "నా కాలరెముక కింద ఒక మిషనుంది, అది పనిచేసేటప్పుడు గొంతు ఇలా అవుతుంది" అని సైన్సు పాఠంలా ఒకసారి చెప్పేస్తే, వాళ్ళకు కప్ప కన్నా మిషను మీద ఆసక్తి ఎక్కువవుతుంది. ఇష్టం లేకపోతే చెప్పనక్కర్లేదు, వాళ్ళకు సంజాయిషీ బాకీ లేరు మీరు.

ఉత్తరంలో మీరు తేలిగ్గా దాటేసిన రెండు విషయాలున్నాయి. అన్నం తినేటప్పుడు అప్పుడప్పుడు పొలమారుతోందన్నారు. మన వైపు రాగి సంకటి ముద్దను నమలకుండా మింగడం అలవాటు. కరెంటు వస్తున్న అర నిమిషం ముద్ద గానీ నీళ్ళు గానీ మింగొద్దు, ఆగి మింగండి. పొలమారడం ఎక్కువైతే అది డాక్టర్‌కి తప్పక చెప్పాల్సిన విషయం. రెండోది, అలిపిరి మెట్ల దారిలో గాలిగోపురం చేరేసరికి ఊపిరాడలేదన్నారు. కరెంటు వచ్చే సమయంలో శ్రమ చేస్తే ఆయాసం రావడం ఈ మిషనుతో ఉన్నదే. 3,550 మెట్ల మొక్కు అత్తమ్మగారిదైతే ఆవిడతో చెప్పి ఈ ఏడాదికి బస్సులో వెళ్ళి దర్శనం చేసుకోండి, లేదా ఎవరినైనా తోడు పెట్టుకుని మధ్య మధ్య కూర్చుంటూ ఎక్కండి. ఇంకొకటి మీవారిని అడగాలి: ఈ మధ్య మీరు గురక పెడుతున్నారా అని. ఈ మిషను కొందరిలో నిద్రలో ఊపిరి ఆగడాన్ని పెంచుతుంది. నిద్ర చెడితే ఫిట్స్ పెరుగుతాయి.

మిషను తీయించేసుకోవడం గురించి. అది మీ హక్కు, తప్పేమీ కాదు. దానికి ముందు ఒక మెట్టు ఉంది: ఆపరేషన్ లేకుండానే డాక్టరు దాన్ని పూర్తిగా ఆఫ్ చేసి కొన్నాళ్ళు చూడవచ్చు. ఫిట్స్ మళ్ళీ వారానికి మూడు అయ్యే అవకాశం ఉంది, ఫిట్స్ ఎక్కువయ్యేకొద్దీ దెబ్బలు తగిలే ప్రమాదం, అరుదుగా ప్రాణాపాయం కూడా పెరుగుతాయి. తీయాలంటే మళ్ళీ ఆపరేషన్. మిషను బయటికి తీసినా నరానికి చుట్టిన తీగ కొనను చాలాసార్లు అక్కడే వదిలేస్తారు, విప్పబోతే నరానికే గాయం కావచ్చని. లెక్కలన్నీ మార్చి చూశాక కూడా మీ గొంతు మీకు దక్కకపోతే, "కొన్ని ఫిట్స్ భరిస్తాను, గొంతు కావాలి" అని మీరనుకుంటే, అది ఆలోచించి తీసుకున్న నిర్ణయం అవుతుంది. ఈ క్షణంలో తీసుకుంటే మాత్రం సరిగ్గా వాడని వైద్యాన్ని పనికిరాదని తీసేసినట్టవుతుంది.

మీవారి ప్రశ్న, ప్రాణమా గొంతా అన్నది, వినడానికి న్యాయంగా ఉంటుంది. ఆయన భయంతో అడుగుతున్నారని నాకు అర్థమవుతోంది, ఫిట్స్ వచ్చినప్పుడు మీ పక్కన ఉండి చూసింది ఆయనే. అయినా ఆ ప్రశ్న తప్పు. గొంతు నచ్చకే మీరు ప్రాణానికి రక్షణగా ఉన్న మిషనును రోజూ ఆపుతున్నారు. గొంతు బాగుంటేనే మీరు మిషనును ఉంచుకుంటారు. ఆయన్ని వచ్చే చెకప్‌కు వెంట తీసుకెళ్ళి, మాగ్నెట్ సంగతి డాక్టరు ముందు కాక, దారిలో, కారులోనో రైల్లోనో ముందే చెప్పేయండి. గదిలో మొదటిసారి వింటే ఆయనకు అవమానంగా ఉంటుంది, అక్కడే గొడవ మొదలవుతుంది.

అమ్మగారి గురించి మీరు ఎక్కువ రాశారు, ఎక్కువ బాధపడ్డదీ అక్కడే. తోట అమ్మిన డబ్బు వృథా అయిందని ఆవిడకు తెలుస్తుందేమో అని మీ భయం. అయితే మీరు రాసిన లెక్క ప్రకారమే వారానికి మూడు నెలకు నాలుగయ్యాయి. ఈ మాట ఆవిడకు ఎప్పుడైనా అంకెలతో చెప్పారా? "బాగానే ఉందమ్మా" అని ఫోన్ పెట్టేస్తున్నారు. ఆవిడ మళ్ళీ అడుగుతోందంటే ఆ జవాబు చాలడం లేదన్నమాట. ఫిట్స్ ఎన్ని తగ్గాయో చెప్పండి, గొంతు ఇబ్బంది పెడుతోందనీ, డాక్టరు లెక్క మారుస్తారనీ చెప్పండి. తోటాపురి కోతలు, రేట్లు, మండీలు చూసిన రైతు ఆవిడ. పెట్టిన పెట్టుబడి మొదటి ఏడే పూర్తి పంట ఇవ్వదన్నది ఆవిడకు మీరూ నేనూ నేర్పాల్సింది కాదు. మాగ్నెట్ సంగతి మాత్రం డాక్టర్‌తో తేలాకే చెప్పండి, ముందే చెప్తే ఆవిడకు రాత్రులు నిద్ర పట్టదు.

చెకప్ ఇంకా రెండు నెలలుందన్నారు. అంతవరకు ఆగొద్దు. ఆసుపత్రికి ఫోన్ చేసి, 1.5కు పెంచాక గొంతు భరించలేకపోతున్నాను, ముందే రావాలి అని అడగండి. మాగ్నెట్ విషయం ఫోన్‌లోనే చెప్పి, అంతదాకా దాన్ని ఎలా వాడాలో అడగండి. మందులు ఒక్క పూట కూడా మానొద్దు, ఈ మిషను మందులకు బదులు కాదు, తోడు. వెళ్ళేటప్పుడు డైరీ, మిషను కార్డు, ఇఎన్‌టీ రిపోర్టు పట్టుకెళ్ళండి. ఫోన్‌లో రెండు పద్యాలు రికార్డు చేసి పట్టుకెళ్ళండి, ఒకటి కరెంటు ఆగినప్పుడు చదివింది, ఒకటి కరెంటు వచ్చినప్పుడు చదివింది. డాక్టర్‌కి ఛందస్సు తెలియకపోయినా మూడో పాదంలో ఏం జరుగుతోందో వినిపిస్తుంది.